జీవుల వర్గీకరణ: డీఎస్సీ జీవశాస్త్రానికి నేను చదివిన తీరు

తోటి అభ్యర్థులకు నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకొని స్కూల్ అసిస్టెంట్ జీవశాస్త్రం పోస్టుకు చదివిన రోజుల్లో, వర్గీకరణ పాఠాన్ని పేర్లు, సంవత్సరాల పట్టికగా బట్టీ పట్టకుండా, ఒక్కొక్క పద్ధతి ఏ జీవి దగ్గర చిక్కుపడిందో వెతుక్కుంటూ చదివాను. ఈ పాఠంలో మార్కులు తెచ్చిపెట్టేది ఆ వెతుకులాటేనని నా గట్టి నమ్మకం.

స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ జీవులన్నిటినీ మొక్కలు, జంతువులు అని రెండు రాజ్యాలుగా విభజించాడు. ఆ పద్ధతిలో బాక్టీరియా, పుట్టగొడుగు, మామిడి చెట్టు మూడూ మొక్కల కిందికే చేరాయి. పత్రహరితంతో ఆహారం తయారు చేసుకుంటూ, వెలుతురు లేనప్పుడు పరపోషణకు (బయటి ఆహారంపై ఆధారపడటానికి) మళ్ళుతూ, కొరడా లాంటి కశాభంతో ఈదే ఏకకణ జీవి యూగ్లీనాను ఏ వైపు చేర్చాలో తేలలేదు. 1866లో హెకెల్ ప్రొటిస్టా అనే మూడో రాజ్యాన్ని ప్రతిపాదించడం, 1938లో కోప్‌లాండ్ కేంద్రకపూర్వ జీవులను (పొరతో కూడిన కేంద్రకం లేని బాక్టీరియా వంటి వాటిని) ప్రత్యేక రాజ్యంగా చూపడం ఇటువంటి జీవుల వల్లనే జరిగాయి. పరీక్షకు వీటిపై ఇంతకు మించి సమయం అక్కరలేదు.

అసలు శ్రమ 1969 నాటి విట్టేకర్ పద్ధతిపై పెట్టాలి. కణ నిర్మాణం, దేహ వ్యవస్థీకరణ, పోషణ విధానం, ప్రత్యుత్పత్తి, పరిణామ సంబంధాలు అనే ఆధారాలతో మొనీరా (కేంద్రకపూర్వ జీవులు), ప్రొటిస్టా (ఎక్కువగా ఏకకణ నిజకేంద్రక జీవులు), ఫంగై (శిలీంధ్రాలు), ప్లాంటే (మొక్కలు), అనిమేలియా (జంతువులు) అన్న ఐదు రాజ్యాలు ఏర్పడ్డాయి. వీటిలో నాకు అత్యంత ఇష్టమైన భాగం శిలీంధ్రాలు మొక్కల నుంచి విడిపోయిన వైనం: రెండింటికీ కణకవచం ఉన్నా, మొక్కలో అది ప్రధానంగా సెల్యులోజ్‌తో, శిలీంధ్రంలో కైటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడుతుంది, పైగా శిలీంధ్రం ఎంజైములను బయటికి స్రవించి, జీర్ణమైన పదార్థాన్ని శోషించుకుంటుంది. నీలి ఆకుపచ్చ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ జరిపినా, వాటికి నిజకేంద్రకం (పొరతో కూడిన కేంద్రకం) లేదు కనుక మొనీరాలోనే ఉంటాయి. ప్రశ్నలు ఎక్కువగా ఈ సరిహద్దుల నుంచే తయారవుతాయి.

పునశ్చరణకు మన ప్రాంతపు మిరప చేను ఒక్కటి చాలు. మిరప మొక్క ప్లాంటే, కాయకుళ్ళు కలిగించేది శిలీంధ్రం, ఆకుమచ్చ తెగులుకు కారణమైన జాంథోమోనాస్ అనే బాక్టీరియా మొనీరా, తామర పురుగు అనిమేలియా. చేనికి నీరు తెచ్చే కాలువలోని డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు ప్రొటిస్టా. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్‌కు మాత్రం ఈ ఐదింటిలో చోటు లేదు, ఎందుకంటే వైరస్‌కు కణమే లేదు. లైకెన్ కూడా ఇలాగే పరీక్షించే అంశం. అది ఒకే జీవి కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి సాగించే సహజీవనం.

చివరి మెట్టు అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త కార్ల్ వోస్. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లలోని ఆర్‌ఎన్‌ఏ పోలికల ఆధారంగా ఆయన 1977లో ఆర్కియా అనే కేంద్రకపూర్వ సూక్ష్మజీవులను బాక్టీరియా నుంచి వేరుచేశాడు. 1990లో సహచరులతో కలిసి బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా (నిజకేంద్రకం ఉన్న జీవులు) అనే మూడు డొమైన్లను ప్రతిపాదించాడు. బాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఆర్కియా కణకవచంలో ఉండదన్న విషయాన్ని తప్పక గుర్తుంచుకోండి. డొమైన్ అన్నది రాజ్యం కంటే పై స్థాయి కాబట్టి, ప్రశ్నలో ఏ స్థాయిని అడిగారో చూసుకున్నాకే జవాబు గుర్తించండి.