సెన్సార్ మాట ఎంతవరకు నమ్మాలి?

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో నా ఉద్యోగం. డ్రైవర్ పెడల్ ఎంత నొక్కాడో సెన్సార్ చెబుతుంది. ఆ మాటను మైక్రోకంట్రోలర్ (కారులోని చిన్న కంప్యూటర్ చిప్) ఎప్పుడు నమ్మకూడదో తేల్చే సాఫ్ట్‌వేర్ మా టీమ్ రాస్తుంది.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌ నుంచి ఇంజిన్‌ దాకా కేబుల్ ఉండదు, వోల్టేజీ మాత్రమే వెళ్తుంది. అందుకే పెడల్లో రెండు సెన్సార్లు పెడతారు. చాలా డిజైన్లలో రెండోది మొదటిదానిలో సగం వోల్టేజీ ఇస్తుంది. అది 3 వోల్టులంటే ఇది ఒకటిన్నర దగ్గర ఉండాలి. రెండూ ఒకేలా ఇస్తే, వాటి వైర్లు ఒకదానికొకటి తగిలి షార్టయినా లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. సగం పెడితే దొంగ దొరికిపోతాడు. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే.

వైరు తెగితే పట్టుకోవడం తేలిక. 5 వోల్టుల సెన్సార్‌లో మామూలుగా 0.5 నుంచి 4.5 వరకే వాడతారు కాబట్టి, సున్నాకి పడిపోతే వెంటనే తెలుస్తుంది. అసలు తలనొప్పి, ఆ పరిధిలోనే ఉంటూ అబద్ధం చెప్పే సిగ్నల్‌తోనే.

ఇక్కడ రివ్యూలో సీనియర్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు, అతని డిజైన్‌నీ అలాగే నిలదీస్తారు. రెండు సెన్సార్లకీ సరఫరా ఒకటేనా? వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ ఒకటేనా? ఆ ఒక్కటీ పాడైతే? కార్ల ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 చదివి వచ్చినవాళ్లకి కూడా మొదట్లో ఇది అతి అనిపిస్తుంది. కొత్తగా చేరిన మన వరంగల్ కుర్రాడు, "అన్నా, వీళ్లకి ఇంత అనుమానం ఏంటి?" అన్నాడు.

2018 అక్టోబర్ 29న కూలిన లయన్ ఎయిర్ విమానం సంగతి చెప్పాను. ఎదురుగాలికి విమానం ఏ కోణంలో ఉందో కొలిచే సెన్సార్లు దానికి రెండున్నాయి. రెండింటి మధ్య సుమారు 20 డిగ్రీల తేడా. ముక్కును కిందికి దించే ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కదాన్నే చూసింది, రెండోదాన్ని అడగలేదు. 189 మంది పోయారు.

అలాగని ప్రతిదాన్నీ అనుమానించినా కుదరదు. ఒక్క రీడింగ్ తేడా రాగానే తప్పని తేల్చేస్తే, కాస్త ఎలక్ట్రికల్ నాయిస్‌కే (సిగ్నల్‌లో కలిసే గజిబిజికే) ఆటోబాన్ అనే ఇక్కడి హైవే మీద కారు బలం తగ్గించేసుకుంటుంది. వెనక ట్రక్కు వస్తుంటే అదీ ప్రమాదమే. ఎన్ని మిల్లీసెకన్లు ఆగి చూడాలన్న దగ్గర టెస్టింగ్ వాళ్లకీ మాకూ గొడవ. నేను ఇంకొంచెం ఆగుదామనే పక్షం, వాళ్లు ఒప్పుకోవట్లేదు.