నాన్న టీవీ మీద మెయిల్ కబురు: 48 సెకన్ల దగ్గర ఆగింది

రాత్రి 11:20. మూడు వారాలుగా నన్ను తినేస్తున్న సంగతికి ఇవాళ కారణం దొరికింది. పూర్తి పరిష్కారం ఇంకా చిక్కలేదు. అయినా అంకెలన్నీ ఇప్పుడే రాసి పెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి సగం మరిచిపోతాను.

ముందు ఈ పని ఎందుకు మొదలుపెట్టానో రెండు ముక్కలు. మాది నరసాపురం దగ్గర ఊరు. నాన్నకి మూడు రొయ్యల చెరువులు. ల్యాబ్‌లో నీళ్ల శాంపిల్ ఇస్తే అమ్మోనియా, ఆల్కలినిటీ లెక్కలు సాయంత్రానికి, విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బాక్టీరియా) లెక్క మర్నాటి సాయంత్రానికి మెయిల్‌లో పీడీఎఫ్‌గా వస్తాయి. నాన్న ఆరున్నరకి చెరువు నుంచి వచ్చి, స్నానం చేసి, టీవీ ముందు కూర్చుంటారు. ఫోను లోపల గదిలో చార్జింగ్‌లో ఉంటుంది. పోయిన నెల రెండో చెరువులో గ్రీన్ కాలనీలు (ల్యాబ్ ప్లేటు మీద ఆకుపచ్చగా కనిపించే విబ్రియో) పెరిగాయని రాత్రి 7:40కి రిపోర్టు వచ్చింది. ఆయన చూసింది పొద్దున ఏడింటికి, అప్పటికే మొదటి మేత వేసేశారు. అదృష్టం బాగుండి నష్టం ఏమీ జరగలేదు. కానీ ఆ రాత్రంతా ఆ కబురు ఇంట్లోనే, ఆయనకి పది అడుగుల దూరంలో ఉంది. అది నాకు మనసులో ఉండిపోయింది.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆయన ఏ ఛానల్ చూస్తుంటే ఆ బొమ్మ మీదే చిన్న అక్షరాల్లో కబురు పడాలి. ఛానల్ మారకూడదు, రిమోట్ ముట్టుకునే పని ఉండకూడదు.

సాఫీగా అయినవి: మెయిల్ రాగానే చెప్పే ఐమ్యాప్ ఐడిల్ కనెక్షన్ 29 నిమిషాలకి బదులు 9 నిమిషాలకోసారి కొత్తగా తెరుస్తున్నాను, పన్నెండు రోజులుగా ఒక్క మెయిల్ కూడా తప్పలేదు. పెదనాన్న గారింట్లో ఎల్‌జీ వెబ్ఓఎస్ టీవీకి నెట్‌వర్క్‌లో 3000 పోర్టుకి టోస్ట్ (తెర మూల కాసేపు పడే చిన్న కబురు) పంపితే పావుగంటలో తెలుగు అక్షరాలతో సహా వచ్చేసింది. టీవీ కొనేవాళ్లకి ఈ ఒక్క సదుపాయం కోసమైనా అది కొనమని చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది 2016లో కొన్న 32 అంగుళాల మామూలు టీవీ. దానికి యాప్‌లు లేవు, నెట్ లేదు. కేబుల్ బాక్సు హెచ్‌డీఎంఐ 1లో, నా రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ (ఇక మీదట 'పై' అంటే ఇదే) హెచ్‌డీఎంఐ 2లో ఉన్నాయి. బాక్సు బొమ్మ మీద పై ఏమీ గీయలేదు. హెచ్‌డీసీపీ (బొమ్మని కాపీ చేయకుండా వేసే తాళం) ఉంది కాబట్టి మధ్యలో దూరి పట్టుకోవడానికీ లేదు. మిగిలిన దారి సీఈసీ. హెచ్‌డీఎంఐలో 13వ పిన్ను మీద నడిచే ఆ ఒక్క తీగ మీద, పక్క పోర్టులో ఉన్న పరికరం కూడా టీవీకి "ఈ మాట తెర మీద చూపించు" అని చెప్పవచ్చు. ఆ ఆదేశం హెక్స్ 64. సందేశం మొత్తం 16 బైట్లు దాటకూడదు. చిరునామాకి ఒకటి, ఆదేశానికి ఒకటి, ఎంతసేపు చూపాలో చెప్పడానికి ఒకటి పోగా 13 అక్షరాలు మిగులుతాయి, అవీ ఇంగ్లీషువే. "చెరువు 2 ల్యాబ్" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఖాళీలతో కలిపి సరిగ్గా 13. అది కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక అసలు బాధ. రాస్ప్‌బెర్రీ పై బొమ్మ తెర మీద ఉన్నప్పుడు పంపితే ప్రతిసారీ కుడి పక్క పైన అయిదు సెకన్లు కనిపిస్తుంది. బాక్సు చూస్తున్నప్పుడు పంపితే ఒకసారి వస్తుంది, నాలుగుసార్లు రాదు. మూడు రాత్రుల్లో 60 సార్లు పంపి రాసుకున్నాను, 11 సార్లు వచ్చింది. రాని 49 సార్లూ టీవీ ఊరుకోలేదు, తిరస్కారం పంపింది. కారణం సంఖ్య 1, అంటే "ఇప్పుడు నేను ఆ స్థితిలో లేను" అని. అంటే ఆదేశం దానికి తెలుసు, ఇప్పుడు వద్దంటోంది. అసలు తెలియకపోతే 0 వచ్చేది.

మొదట అనుమానం కేబుల్ మీద. తిరస్కారం వచ్చిందంటే సందేశం అందినట్టే అని తెలిసినా, ఒక్కో అక్షరం చెడిపోతోందేమో అనిపించింది. మూడు కేబుళ్లు మార్చాను. పాలకొల్లులో 150 రూపాయలకి కొన్నదాంట్లో 13వ పిన్ను చివరిదాకా లేనేలేదు, మీటరు పెడితే తెలిసింది. రాస్ప్‌బెర్రీ పోర్టు వైపు వదులుగా ఉన్న ఇంకో కేబుల్‌లో ఖాళీ వోల్టేజి 2.1 దగ్గర ఊగింది. మంచి కేబుల్‌లో 3.28. మంచిదానితోనూ ఫలితం అదే. తక్కువ ధర కేబుళ్లు బొమ్మకి సరిపోతాయి, సీఈసీకి నమ్మొద్దు.

తర్వాత కరెంటు. సాయంత్రం చెరువుల మీద ఏరేటర్లు అన్నీ తిరిగేసరికి మా లైనులో వోల్టేజి పడిపోతుంది. టీవీని ఇన్వర్టరు మీద, లైను మీద చెరో ఇరవై సార్లు చూశాను. 4, 3. తేడా లేదు. లాజిక్ ఎనలైజర్ పెట్టి తీగ మీద కాలాలు కొలిచాను. మొదటి పల్సు కింద ఉండాల్సింది 3.7 మిల్లీసెకన్లు, నాది 3.69. ఒక్కో బిట్టు 2.4కి అటూ ఇటూ 0.03. ఒక్కో బైటుకి 10 బిట్లు, 16 బైట్లకి మొత్తం దాదాపు 389 మిల్లీసెకన్లు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

నిన్న రాత్రి ఆ 11 సార్లు ఎప్పుడెప్పుడు వచ్చిందో మళ్లీ చదివాను. అన్నీ నేను టీవీ ముందు కూర్చుని ఉన్నప్పుడే. పక్క గది నుంచి లాప్‌టాప్‌తో పంపినప్పుడు ఒక్కటీ లేదు. టీవీ ముందు ఉన్నప్పుడు నేను చేసే పని ఇంకొకటి ఉంది: రాస్ప్‌బెర్రీ తెర చూడడానికి హెచ్‌డీఎంఐ 2కి వెళ్లి, అమ్మ కేకేస్తే వెంటనే 1కి తిరిగొస్తాను. తిరిగొచ్చినప్పుడు టీవీ "2.0.0.0 నుంచి 1.0.0.0కి మారాను" అని తీగ మీద చాటుతుంది. అక్కడి నుంచి గడియారం మొదలుపెట్టి సెకనుకొకటి చొప్పున పంపాను. 47 దాకా ఒప్పుకుంది, 48 నుంచి తిరస్కారం. మళ్లీ చేశాను. 48. మళ్లీ. 46. మొత్తం 14 సార్లు, అన్నీ 46కీ 49కీ మధ్యే. నా చేతులు వణికాయి, నిజంగా.

నా అంచనా ఇది. టీవీ దృష్టిలో ఎవరి బొమ్మ తెర మీద ఉందో వాళ్లకే అక్షరాలు చూపే హక్కు. పోర్టు మారాక కొత్త పోర్టులోని పరికరం "తెర నాది" అని చెబుతుందేమోనని కాసేపు చూస్తుంది. మా బాక్సుకి సీఈసీ రాదు, అది ఏమీ చెప్పదు. ఆ 48 సెకన్లూ పాత యజమాని, అంటే పై, పేరు ఇంకా చెల్లుతుంది. ఆ తర్వాత కొట్టేస్తుంది.

అయితే మళ్లీ యజమాని అవ్వాలి. పై నుంచి "తెర నాది, 2.0.0.0" అని చాటితే టీవీ నేరుగా హెచ్‌డీఎంఐ 2కి దూకింది. అమ్మ సీరియల్‌లో పెళ్లి జరుగుతోంది ఆ సమయానికి. "ఒరేయ్, అది అయ్యేదాకా ఆగలేవురా?" అంది. ఆగాను.

తొమ్మిదిన్నరకి ఇంకో ఆలోచన వచ్చింది. అడ్రసు 2.0.0.0 బదులు 1.0.0.0 అని రాసి పంపితే? టీవీ ఎలాగూ హెచ్‌డీఎంఐ 1లోనే ఉంది కాబట్టి ఎక్కడికీ దూకదు, పై ఆ పోర్టులోనే ఉందని నమ్ముతుంది. పంపాను. నమ్మింది! వెనకే "చెరువు 2 ల్యాబ్" పంపితే బాక్సు బొమ్మ మీద, వార్తల మీద పడింది. నాన్న చూసి "వచ్చిందిరోయ్" అన్నారు.

కానీ ఆ ప్రకటన పంపిన ప్రతిసారీ టీవీ అదే పోర్టుని మళ్లీ మొదటి నుంచి పట్టుకుంటోంది. తెర నల్లబడుతుంది. ఫోనులో సెకనుకి 60 ఫ్రేములతో వీడియో తీసి లెక్కపెడితే 108 ఫ్రేములు, అంటే 1.8 సెకన్లు. మాట రావడానికి ఇంకో ముప్పావు సెకను. తర్వాత మళ్లీ 48 సెకన్ల హక్కు, మళ్లీ కొట్టివేత. చెరిపేదాకా ఉంచమనే గుర్తు పెట్టి చూశాను, అయిదు సెకన్లకే తీసేసింది. హక్కు పోకముందే ముప్పై సెకన్లకోసారి ప్రకటిస్తే అన్నిసార్లూ నల్లబడుతుంది. మెయిల్ వచ్చినప్పుడు మాత్రమే పంపితే రోజుకి రెండు మూడు సార్లు నల్లబడుతుంది. నాన్నకి అభ్యంతరం లేదు. నాకు ఉంది. కరెంటు పోయిందనుకుని అమ్మ లేచి మెయిన్ దగ్గరికి వెళ్లింది.

దీనికంటే సులువైన దారి ఉందని తెలిసినప్పుడు ఇంకా కోపం వస్తుంది. ట్రాయ్ (టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ) డిజిటల్ కేబుల్ నిబంధనల ప్రకారం ప్రతి సెట్ టాప్ బాక్సు హెడ్ఎండ్ (కేబుల్ వాళ్ల ప్రసార కేంద్రం) నుంచి వచ్చే సందేశాలు చూపించాలి, కనీసం 120 అక్షరాలు, ఒక్క బాక్సుకి విడిగా కూడా పంపగలగాలి. నెల డబ్బులు కట్టమని తెర మీద పడేది ఆ దారిలోనే. టౌన్‌లో కేబుల్ ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడి అబ్బాయి మర్యాదగానే "అబ్బే, అది బయటివాళ్లకి ఇచ్చేది కాదండీ" అన్నాడు. అతని మాట సబబే, ఆ దారి అందరికీ తెరిస్తే ప్రకటనలతో నింపేస్తారు. కానీ వాన కబురు, తుపాను కబురు, ల్యాబ్ కబురు లాంటివి ఇంటి యజమాని ఒప్పుకుంటే ఆ 120 అక్షరాల్లో రావాలని నా గట్టి నమ్మకం. ఫోను ముట్టని పెద్దవాళ్లు ఈ డెల్టాలో ఇంటికొకరు ఉన్నారు.

1996లో వచ్చిన అమెరికా వెబ్‌టీవీ పెట్టెకి (టీవీ మీదే నెట్, మెయిల్ చూపించేది) ముందు భాగంలో ఒక చిన్న దీపం ఉండేది. కొత్త మెయిల్ ఉంటే వెలిగేది, బొమ్మని కదిలించేది కాదు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది, 2013లో సర్వీసు ఆపేసింది. ఆ దీపం ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చుతుంది. అందుకే తాత్కాలికంగా ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్పుకి ఆకుపచ్చ ఎల్ఈడీ కలిపి టీవీ స్టాండుకి అంటించాను. ఏ చెరువో అది చెప్పలేదు. రెండో చెరువైతే రెండుసార్లు మినుకుమనేలా పెట్టాను కానీ నాన్న కళ్లజోడు లేకుండా అంత దూరం లెక్కపెట్టలేకపోతున్నారు.

ఇక తర్వాతి ఆట మ్యాక్స్ 7456. డ్రోన్లవాళ్లు కెమెరా బొమ్మ మీద బ్యాటరీ అంకెలు చూపడానికి వాడే చిప్పు. బాక్సు వెనక పసుపు ఏవీ సాకెట్ ఉంది. అందులో హెచ్‌డీసీపీ గొడవ లేదు. బాక్సు నుంచి చిప్పుకి, చిప్పు నుంచి టీవీ ఏవీకి కలిపితే బొమ్మ ఆలస్యం లేకుండా పోతూనే మీద అక్షరాలు పడతాయి. యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కతో పైలోకి తీసుకుని కలిపే పద్ధతి నాకిష్టం లేదు, మాటకీ పెదవులకీ పొంతన తప్పుతుంది. పాల్ (మన దేశంలో వాడే అనలాగ్ టీవీ పద్ధతి) సిగ్నల్‌లో ఈ చిప్పు వరసకి 30 చొప్పున 16 వరసల గడులు ఇస్తుంది. ఒక్కో గడి 12 అడ్డం, 18 నిలువు చుక్కలు. 256 గడుల బొమ్మలు మనమే గీసి ఎక్కించుకోవచ్చు. అంటే తెలుగు! "రెండో చెరువు రిపోర్టు" అనే మాటని 12 గడుల వెడల్పు, 2 గడుల ఎత్తులో, అంటే 144 బై 36 చుక్కల్లో గీసి చూశాను. 36 ఎత్తు ఉంటే వత్తులు, కొమ్ములు బాగానే ఇముడుతున్నాయి. ఒక్కో మాటకి 24 గడులు, మూడు చెరువులకి 72.

హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి దిగితే బొమ్మ కాస్త మసకబారుతుంది. 32 అంగుళాల మీద ఎంత తెలుస్తుందో నిన్న అమ్మకి చెప్పకుండా గంటసేపు ఏవీ మీద పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. నాన్న మాత్రం కింద స్క్రోలింగ్ అక్షరాలు చదవడం కష్టంగా ఉందన్నారు. అందుకని 36 సరిపోదేమో, 3 గడుల ఎత్తుతో 54 చుక్కలకి పెంచి మళ్లీ గీయాలి. అప్పుడు వెడల్పు కూడా 18 గడులవుతుంది, మాటకి 54 గడులు, మూడింటికి 162. అప్పటికీ 256లో పట్టేస్తుంది. "చెరువు రిపోర్టు" అన్నది మూడింటికీ ఒకటే కాబట్టి అంకె మాట ఒక్కటే విడిగా గీస్తే ఇంకా మిగులుతుంది, ఆ మిగిలిన గడుల్లో తుపాను గుర్తు పెట్టాలని ఉంది.

చిప్పు బోర్డు బుధవారానికి వస్తుంది. ఈలోగా ఏవీ సాకెట్లకి పెట్టే ఆర్‌సీఏ తీగలు రెండు కావాలి, భీమవరం వెళ్లినప్పుడు తెస్తాను. సీఈసీ స్క్రిప్టు ఆపడం లేదు, రాత్రి 7 నుంచి 9 దాకా మాత్రం అది పంపకుండా తాళం వేశాను. ఆ రెండు గంటలూ ఎల్ఈడీ చూసుకుంటుంది.