కువైట్ లెక్కలో లేడు, కడప లెక్కలోనూ లేడు

ఖతర్‌లో నిరుద్యోగం 0.1 శాతం. కువైట్‌లో రెండు శాతం అటూ ఇటూ. 2023-24లో మన దేశానిది 3.2 శాతం. ఈ మూడు అంకెలూ చదివి రాయచోటిలో ఏ వీధిలోకి పోయినా అయోమయమే. లీవు మీద వచ్చి నాలుగైదు నెలలైనా కంపెనీ పిలుపు రానివాళ్లు, కొత్త వీసాకు డబ్బు కట్టి ఏజెంటు ఫోను కోసం ఎదురుచూసేవాళ్లు అక్కడ కనిపిస్తూనే ఉంటారు. మరి ఈ అంకెలు దొంగవా? కాదు. ఏ దేశం తన పద్ధతిలో ఆ దేశం లెక్కపెట్టుకుంది. ఆ పద్ధతుల సందుల్లోంచి వలస కూలి జారిపోతాడు, అంతే. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు కువైట్ డబ్బు మీద నడిచే ఇళ్లు ఎక్కువ. కాబట్టి వాడు ఎక్కడెక్కడ జారిపోతాడో ఇక్కడివాళ్లకు తెలిసి ఉండటం మంచిది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనంలో నిరుద్యోగి అనిపించుకోవాలంటే మూడూ కుదరాలి. లెక్క తీసుకున్న వారంలో కూలికో లాభానికో ఒక్క గంట కూడా పనిచేసి ఉండకూడదు. ఈమధ్య నాలుగు వారాల్లో పనికోసం తిరిగి ఉండాలి. పని దొరికితే వెంటనే చేరగలిగి ఉండాలి. వీటన్నిటికన్నా ముందు ఇంకొకటుంది, అది ఎవరూ పైకి చెప్పరు: మనిషి ఆ దేశంలో ఉండాలి. గల్ఫ్ అంకెల గుట్టంతా ఇక్కడే ఉంది.

గల్ఫ్‌లో అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకుని పూచీ పడ్డ యజమానితో, ముడిపడి ఉంటుంది. పని పోతే వేరే కఫీల్ దగ్గరికి మారే అనుమతి, అంటే రిలీజ్, దొరకాలి, లేకపోతే అకామా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. వందమంది కార్మికులున్నారనుకుందాం. ఐదుగురికి పని పోయింది, నిరుద్యోగం 5 శాతం. వాళ్లలో ముగ్గురిని విమానం ఎక్కించారు. ఇక మిగిలింది 97 మంది, వాళ్లలో ఖాళీగా ఉన్నది ఇద్దరు, అంటే 2.06 శాతం. ఒక్కరికీ కొత్తగా పని దొరకలేదు, రేటు మాత్రం సగానికి పైగా పడిపోయింది. పని పోయినవాడు అక్కడ ఉండటానికే వీల్లేని చోట నిరుద్యోగం తక్కువ ఉందంటే అది ఆ దేశపు వీసా నిబంధన గురించి చెబుతుంది. అక్కడ పని దండిగా ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు.

అక్కడ మిగిలిపోయినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. కువైట్ గణాంకాల శాఖ కార్మికుల లెక్కను ఎక్కువగా ప్రభుత్వ రికార్డుల నుంచి, అంటే మాన్‌పవర్ అథారిటీ, సివిల్ ఐడీ కార్యాలయం లాంటివాటి నుంచి తీస్తుంది. అకామా నడుస్తుంటే రికార్డులో వాడు పనివాడే. ప్రైవేటు కంపెనీ వీసా ఆర్టికల్ 18, ఇంటిపని వీసా, మనవాళ్లు ఖాదిం వీసా అనేది, ఆర్టికల్ 20. ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి ఆజాద్ వీసా పేరుతో ఊళ్లో అమ్మేది చాలాసార్లు ఈ 20 మీద కొట్టిందే. కాగితం మీద మనిషి ఒకరింట్లో వంటవాడో డ్రైవరో. నిజానికి ఆ ఇంటి గడప కూడా తొక్కి ఉండడు. కువైట్‌లోని జిలీబ్ ప్రాంతంలో నలుగురితో కలిసి రూములో ఉంటూ, పొద్దున్నే కూలికోసం రోడ్డు మీద నిలబడతాడు. నెలలో పది రోజులు పని దొరికినా, పదిహేను దొరికినా, అసలు దొరక్కపోయినా రికార్డులో తేడా ఉండదు. ఏటా కఫీల్‌కు డబ్బు ముట్టి అకామా రెన్యువల్ అయితే చాలు, వాడు ఉద్యోగే. పైగా కార్మికుల పట్టికల్లో ఇంటిపనివాళ్లను తరచూ పక్కకు తీసి చూపిస్తారు. రాయలసీమ నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఉండేది ఆ పక్కకు తీసిన గుంపులోనే.

కఫీల్ ఇల్లు వదిలి బయటపడినవాడిని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. కఫీల్ పరారీ కేసు పెట్టగానే అకామా పోతుంది. ఆపైన వాడు ఎంత కష్టపడి పనిచేసినా ఉద్యోగుల్లో లెక్కకు రాడు, ఖాళీగా ఉన్నా నిరుద్యోగుల్లో లెక్కకు రాడు. ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో కొంతైనా బయటపడేది క్షమాభిక్ష ప్రకటించినప్పుడే. 2018లో, 2020 ఏప్రిల్‌లో, మళ్లీ 2024 మార్చి 17 నుంచి జూన్ 30 దాకా కువైట్ గేట్లు తెరిచింది. 2024లో జరిమానా కట్టి అకామా సరిచేసుకోవడానికీ, జరిమానా లేకుండా ఇంటికి పోయి సరైన వీసాతో తిరిగి రావడానికీ అవకాశమిచ్చారు.

పని ఒక్కరోజులో పోదు, మెట్లు మెట్లుగా జారుతుంది. మొదట ఓవర్‌టైం ఆగిపోతుంది. బేసిక్ తక్కువున్నవాడు ఇంటికి పంపే డబ్బులో పెద్ద భాగం ఓవర్‌టైందే కాబట్టి, అది ఆగిన నెలలోనే ఊళ్లో చీటీ వాయిదా తప్పుతుంది. తర్వాత జీతం పదో తేదీ నుంచి ఇరవైకి, ఇరవై నుంచి వచ్చే నెలకు జరుగుతుంది. ఆ తర్వాత మేనేజరు నెమ్మదిగా అంటాడు: "లీవు మీద ఇంటికి పోయిరా, ప్రాజెక్టు వస్తే ఫోన్ చేస్తాం." టికెట్టు కూడా చేతిలో పెడతారు. ఇది జీతం లేని లీవు. అకామా ఇంకా చెల్లుతుంది కాబట్టి కువైట్ రికార్డులో వాడు ఫలానా కంపెనీ ఉద్యోగి. ఇక్కడ మాత్రం సంబేపల్లెలో అరుగు మీద కూర్చుని ఉంటాడు. బయట ఆరు నెలలు దాటితే, ఇంటిపనివాళ్లకు కొత్త నిబంధనల్లో నాలుగు నెలలు దాటితే, అకామా దానంతట అదే రద్దవుతుంది. కంపెనీ తొలగించినట్టు ఒక్క కాగితమూ పుట్టదు. సర్వీసు డబ్బు అడగడం కూడా ఇలాగే కష్టమవుతుంది. అందుకే లీవు మీద పంపుతున్నప్పుడే తిరిగి చేరే తేదీ రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇవ్వనంటే లెక్క తేల్చి క్యాన్సిల్ చేయమని అక్కడే అడగడం మేలు. ఇంటికొచ్చాక ఆ పని దాదాపు అసాధ్యం.

సరే, మనిషి ఇంటికొచ్చాడు. కనీసం మన ప్రభుత్వమన్నా లెక్కపెడుతుందా?

మన నిరుద్యోగపు అంకె పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) అనే ప్రభుత్వ సర్వే నుంచి వస్తుంది. 2017-18లో మొదలైంది, అప్పుడు 6.1 శాతం. ఇందులో రెండు కొలతలున్నాయి. ఒకటి గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశాడో చూస్తుంది. దానికి తోడు ఓ నెల రోజులు చిన్నాచితకా పని చేసినా ఉద్యోగులవైపే వేస్తుంది. రెండోది గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం గంట పనిచేశాడా అని చూస్తుంది. 2023-24లో మొదటి కొలతలో 3.2 వస్తే, అదే ఏడాది రెండో కొలతలో 4.9 వచ్చింది. పేపర్లలో ఏది రాశారో చూడకుండా అంకెలు పోల్చి పోట్లాడుకునేవాళ్లకు కొదవలేదు. 2025 ఏప్రిల్ నెల లెక్క నుంచి నెలనెలా ఇస్తున్నది రెండో కొలత.

కువైట్‌లో ఉన్నంతకాలం మన మనిషి ఈ సర్వేలో ఉండడు. ఇంటికి ఆరు నెలలకు మించి దూరంగా ఉండేవాడిని ఆ ఇంటి సభ్యుడిగా రాయరు. మూడు నెలల కిందట తిరిగొచ్చినవాడు సభ్యుడే, కానీ అప్పుడు మొదటి కొలత అడ్డం తిరుగుతుంది. గడిచిన ఏడాదిలో తొమ్మిది నెలలు కువైట్‌లో పనిచేశాడు కదా, ఎక్కువకాలం పనే. కాబట్టి ఈ మూడు నెలలూ చేతిలో రూపాయి లేకపోయినా ఉద్యోగి కింద పడతాడు. ఇక ఏడు రోజుల కొలత. సంభాషణ ఇట్లా నడుస్తుంది:

"పోయిన వారం ఏం పని చేసినావప్పా?"

"ఏం లేదు సార్, ఊరికే ఉండా."

"ఒక్కరోజు కూడా పోలేదా?"

"బుధవారం మా చేనుకాడ టమోటా బాక్సులు ఎత్తించినా, అంతే."

ఆ బాక్సులతో వాడు ఉద్యోగి అయిపోయాడు. సొంతింటి సేద్యంలో కూలి లేకుండా చేసిన సాయం కూడా ఇక్కడ పనే. ఇందులో సర్వే తప్పేమీ లేదు. పంట పండించేది కుటుంబమంతా కలిసి కాబట్టి ఆ పనిని పని అనకపోతే సగం పల్లె లెక్క తప్పుతుంది. కానీ నెలకు నూటయాభై దీనార్లు తెచ్చుకున్న డ్రైవరు చేని గట్టు మీదికి చేరితే ఆ పడిపోవడం ఈ అంకెలో కనబడదు. అది చూడాలంటే అదే నివేదికలో వేతనాల పట్టికలు, కూలి లేని కుటుంబ సహాయకుల వాటా తిరగేయాలి. పేపర్లలో హెడ్డింగుకెక్కేది మాత్రం ఎప్పుడూ ఒక్క శాతమే.

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఒక మనిషి కువైట్‌లో నాలుగేళ్లు పిల్లల్ని చూసుకుని, వంటచేసి, ఇల్లు తుడిచి జీతం తీసుకుంది. అక్కడ ఆమె కార్మికురాలు. తిరిగొచ్చి సొంతింట్లో అవే పనులు చేస్తుంటే సర్వేలో కోడ్ 92, అంటే ఇంటిపని మాత్రమే చేసేవాళ్లు. నిరుద్యోగుల్లోనే కాదు, కార్మికశక్తిలోనే ఆమె లేదు. మళ్లీ వీసా వస్తే పోవడానికి సిద్ధంగా ఉన్నా, అడిగేవాళ్లు ఆ మాట రాబట్టి రాసుకుంటేనే లెక్క మారుతుంది.

వెళ్లేవాళ్ల లెక్కలోనూ పెద్ద చిల్లు ఉంది. కేంద్ర ప్రభుత్వ వలసల పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదయ్యేది ప్రధానంగా పదో తరగతి పాసుకాని, ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే పోయేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టుతో, 18 దేశాలకు పనికి పోయేవాళ్లు. పది పాసైనవాడికి ఆ అనుమతి అక్కర్లేదు, విజిట్ వీసాలో పోయినవాడు అక్కడ కనబడడు. వెళ్లేటప్పుడు ముద్ర పడుతుంది, తిరిగొచ్చినవాళ్లకు అలాంటి లెక్కే లేదు. ఇంటికొచ్చే డబ్బును బట్టి అంచనా కడదామన్నా మోసపోతాం. 2020లో లక్షలమంది వెనక్కి వచ్చినా, ప్రపంచ బ్యాంకు లెక్కన భారత్‌కు వచ్చిన ప్రవాసుల సొమ్ము తగ్గింది 0.2 శాతమే. పని పోయినవాడు చివరిసారి దాచుకున్నదంతా తుడిచి పంపుతాడు, ఆ నెల బ్యాంకు లెక్క పచ్చగానే ఉంటుంది.

అనంతపురం, కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీల నుంచి అమెరికా పోయేవాళ్లకూ ఈ చిక్కు వేరే రూపంలో ఉంది. అక్కడి రేటు నెలకు సుమారు 60 వేల ఇళ్ల సర్వే నుంచి, 12వ తేదీ పడే వారం ఆధారంగా వస్తుంది. ఓపీటీలో, అంటే చదువు తర్వాత పనిచేసుకునే అనుమతిలో, ఉన్నవాడికి మొత్తం 90 రోజులకు మించి ఖాళీ ఉండే వీలులేదు, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే కలిపి 150. హెచ్1బీ ఉద్యోగ వీసా వాడికి పని పోయాక 60 రోజుల గడువే. ఆ గడువులో సర్వేవాళ్లు వాడి తలుపే తడితే నిరుద్యోగి, లేకపోతే దేశం దాటి లెక్కలోంచి మాయం. నెలనెలా కొత్త ఉద్యోగాలు ఇన్ని అని వచ్చేది కంపెనీల సర్వే. అది మనుషులను కాక ఉద్యోగాలను లెక్కపెడుతుంది, తర్వాత సవరణలకూ గురవుతుంది. 2024 మార్చి నాటి లెక్కను ఆ ఆగస్టులో తొలి అంచనాగా 8,18,000 ఉద్యోగాల మేర కిందికి దించారు. ఐటీలో పని దొరుకుతుందా అని చూసేవాళ్లు దేశం మొత్తం రేటు వదిలేసి, ఆ రంగంలో నియామకాల లెక్క, పార్ట్‌టైంతో సరిపెట్టుకుంటున్నవాళ్లను కలిపి చెప్పే యూ-6 అనే రేటు చూసుకోవడం మేలు.

కువైట్ పోయేవాళ్లకు ఇలాంటి పట్టికలు పనికిరావు. వాళ్లకు అసలైన లెక్క రూములో ఉంటుంది. ఆరుగురు ఉండే రూములో అద్దె, మెస్ ఖర్చు నెలాఖరుకు తలా ఇంత అని పంచుకుంటారు. కట్టలేనివాడి పేరు బాకీ కింద పుస్తకంలో పడుతుంది. ఆరుగురిలో ఒకరి పేరు ఉంటే మామూలే. ఇద్దరు ముగ్గురి పేర్లు వరసగా రెండు మూడు నెలలు కనిపిస్తే అక్కడ ఆ పని పడిపోయిందని అర్థం. అందుకే బామ్మర్దికి ఫోన్ చేసి "పని ఉందా?" అని అడిగితే లాభం లేదు, ఉందనే అంటాడు. పోయిన నెల ఓవర్‌టైం ఎన్ని గంటలు? జీతం ఏ తేదీకి పడింది? రూములో ఎంతమంది ఖాళీగా ఉన్నారు? మీ తర్వాత వచ్చినవాడు ఎన్నిరోజులకు పనిలో చేరాడు? ఇవి అడగాలి. జీతం చేతికిస్తున్నారా, బ్యాంకులో వేస్తున్నారా అన్నది కూడా. బ్యాంకు అయితే రేపు కేసు వేసినా రుజువుంటుంది.

వీసా చేతికొచ్చాక మొదట చూడాల్సింది ఆర్టికల్ నంబరు. కంపెనీలో డ్రైవరు పని అని చెప్పి 20 ఇస్తే ఆ కంపెనీలో చట్టప్రకారం పనిచేయలేరు, పట్టుబడితే వేలిముద్ర వేసి పంపేస్తారు. 20 నుంచి 18కి మారడానికి 2024 జూలై, సెప్టెంబరు మధ్య ప్రత్యేకంగా వీలిచ్చారు. అలాంటిది ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తుందనే మాట నమ్మి డబ్బు కట్టకూడదు. కనీస వేతనం కంపెనీ పనికి 75 దీనార్లు, ఇంటిపనికి 60. ఒప్పందంలో అంతకన్నా ఎంత ఎక్కువ రాశారో చూసుకోవాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ఎవరైనా ఫోనులోనే చూడొచ్చు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు రూ.30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం రూ.35,400. ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్లకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. లక్షలు అడిగేవాడిని రసీదు మీద ఆ మొత్తం రాసివ్వమంటే రాయడు, ఎందుకంటే రాస్తే దొరికిపోతాడు.