వంతు నీళ్లు

ఫిబ్రవరి నెల, మంగళవారం

ఉదయం ఆరు గంటలకు మొదటి మాత్ర వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా, కార్బిడోపా అనే మందులు కలిసిన ఆ చిన్న మాత్ర పనిలోకి దిగడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. అంతవరకు కుడిచేయి తన ఇష్టం వచ్చినట్లు ఒడిలో ఆడుతూనే ఉంటుంది, నేను దాని జోలికి పోను. భుజం బిగువు సడలి, చొక్కా గుండీలు సొంతంగా పెట్టుకోగలిగానంటే ఇక బయలుదేరవచ్చునని గుర్తు.

కాలువ గట్టు మీద అరగంట నడిచాను. ఇది షికారు కాదు. మడమ ముందు ఆనించి, అడుగు వీలైనంత దూరం వేసి, చేతులు పనిగట్టుకుని ఊపుతూ, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టుకుంటూ నడవాలి. పార్కిన్సన్స్ జబ్బు అడుగును, గొంతును, అక్షరాన్ని కూడా కుదించేస్తుంది. కోనసీమ లాకుల దగ్గర 30 ఏళ్లు నీటిమట్టం రిజిస్టర్లు రాసిన నాకు దాని మొదటి ఆనవాలు వణుకు కాదు, వరుస చివరికి వచ్చేసరికి చీమల బారులా చిక్కిపోయిన అంకెలు. అందుకే వ్యాయామంలో ప్రతి కదలికా మనకు అతిగా తోచేంత పెద్దదిగా ఉండాలంటారు.

పార భుజాన వేసుకుని ఎదురొచ్చిన పక్క చేను కౌలు రైతు, "మందు వేసుకుంటన్నారు కదండీ బాబాయ్ గారూ, మళ్లీ ఈ అవస్థ ఎందుకండీ?" అని అడిగాడు. దాళ్వా చేనుకు ఈ రోజు అతనిది నీటి వంతు కనుక ఆ లెక్కలోనే చెప్పాను. మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించాయి. మాత్ర వాటిని తిరిగి తేలేదు, కొన్ని గంటలకు సరిపడా నీళ్లు వదులుతుంది. వంతు వచ్చిన వేళకు చేలోకి నీళ్లు తెచ్చే బోదె పూడిపోయి ఉంటే చేను తడవదు, బోదె ఎంత శుభ్రంగా తవ్వినా నీళ్లు రాకపోతే అంతకన్నా తడవదు. ఆ బోదె తవ్వడమే ఈ నడక. "ఆయ్, అదండీ సంగతి" అని అతను గబగబా వెళ్లిపోయాడు. వంతు దాటితే అతనికీ కష్టమే.

చెప్పిన నేనే మూడు గంటలు తిరక్కుండా తప్పు చేశాను. బంధువులు రావడంతో ఫలహారం ఆలస్యమై, తొమ్మిదిన్నరకు రెండు పెసరట్లు తిని, వాటి మీదనే పది గంటల మాత్ర వేసుకున్నాను. పప్పులోని మాంసకృత్తులు పేగులోనూ, మెదడు వాకిట్లోనూ ఈ మందుకు అడ్డుపడి ముందు తాము దూరుతాయి. తినడానికి అరగంట ముందో, తిన్న గంట తరువాతో వేసుకోమని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. పదకొండింటికి కూడా మాత్ర పనిలోకి దిగలేదు. నడవలోంచి వంటింట్లోకి వెళ్లబోతే గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయాయి, ఒళ్లు మాత్రం ముందుకు వాలింది. మా ఆవిడ నన్ను పట్టుకుని లాగలేదు, లాగితే పడతానని ఆమెకు తెలుసు. గడపకు ఇటువైపు నాలుగు అడ్డగీతలు అడుగేసి దూరంలో ముగ్గుపిండితో ఎప్పుడూ వేసి ఉంచుతుంది. "గీత దాటండి" అన్నది. గీతను చూసి దాన్ని దాటాలనుకోగానే కాలు లేచింది. తనంతట తాను నడవడం మరిచిన కాలు కంటితో చూసిన గీతను ఎలా దాటుతుందో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

వచ్చిన బంధువు దూలగొండి గింజల పొడి వాడమన్నారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, కంపవాతమనే పేరుతో ఈ జబ్బుకు ఆయుర్వేదంలో వాడిన మాటా నిజమే. అయితే చెంచాడు పొడిలో ఎంత మందు ఉందో కొలత తెలియకుండా, వేసుకునే మాత్రల మీద దాన్ని కలపడం షట్టరు ఎంత ఎత్తామో చూడకుండా కాలువకు నీళ్లు వదలడమే. మర్యాదగా వద్దన్నాను.

రెండు గంటల మాత్ర ఖాళీ కడుపుతో వేసుకున్నాను కనుక సకాలంలో అందింది. మూడింటికి కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చున్నాను, ఆరోసారి కళ్లు తిరిగినట్లయితే కాసేపు ఆగాను. లేచేటప్పుడు రక్తపోటు పడిపోవడం ఈ జబ్బులోనూ, ఈ మందుతోనూ ఉన్నదే. తరువాత పేపరు పావుగంట బిగ్గరగా చదివాను, వీధిలోకి వినిపించిందట.

ఉదయం మిగిలిన పిండితో రాత్రికి పెసరట్లు వేయనా అని మా ఆవిడ అడిగింది. ఆరు గంటల మాత్ర వేసుకుని, గంటన్నర ఆగి తిన్నాను. అల్లప్పచ్చడిలో ఈసారి బెల్లం ఎక్కువైంది.