వాకర్ గారి ఇంటిపేరు

పశ్చిమ యార్క్‌షైర్‌లో నర్సుగా చేరిన మొదటి వారం. ముసలివాళ్ల వార్డు. "వాకర్ బాత్రూంలో ఉంది" అని ఇంగ్లీషులో అన్నానో లేదో, పక్కనున్న సీనియర్ నర్సు మందుల ట్రే వదిలేసి పరుగెత్తింది. నేను చెప్పింది పట్టుకుని నడిచే స్టాండు గురించి. ఇక్కడ దాన్ని జిమ్మర్ ఫ్రేమ్ అంటారని నాకప్పటికి తెలియదు. ఆమెకు వినిపించింది ఆరో బెడ్ వాకర్ గారి పేరు. పడిపోతారని ఆయన్ని ఒంటరిగా లేవనివ్వడం లేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు గానీ, ఆ రోజంతా టెన్షన్‌తో నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఆయనకు సారీ చెప్పాను. ఎనభై దాటిన మనిషి, ఉన్ని మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. "ఏం ఫర్లేదు లవ్" అన్నారు. ఇక్కడి పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు, మనం 'బిడ్డా' అన్నట్టు. "మావాళ్లు నడిచిన మాట నిజమే. గుడ్డ మీద నడిచారు."

మగ్గం మీంచి దిగిన ఉన్ని గుడ్డ వదులుగా, జిడ్డుగా ఉంటుందట. దాన్ని తొట్లో వేసి, నీళ్లు, ఒక రకం బంకమట్టి, పులిసిన మూత్రం పోసి గంటల తరబడి కాళ్లతో తొక్కేవారు. జిడ్డు పోయి, పోగులు ఒకదానికొకటి పట్టుకుని గుడ్డ దళసరి అయ్యేది. అలా తొక్కేవాడే వాకర్. అదే పనికి ఇంగ్లండ్‌లో మూడు ఇంటిపేర్లున్నాయి: ఉత్తరాన వాకర్, నైరుతిలో డెవన్ వైపు టక్కర్, ఆగ్నేయంలో ఫుల్లర్. పేరును బట్టి తాతముత్తాతలు ఏ మూలవాళ్లో ఊహించవచ్చు. ఆ మట్టిని ఇప్పటికీ ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. మనవాళ్లు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి అదే.

కాళ్ల పని ఎప్పుడో పోయింది. నీటి చక్రంతో తిరిగే చెక్క సుత్తులు వచ్చాయి. లీడ్స్ పక్కన న్యూసమ్‌లో అలాంటి మిల్లు ఉన్నట్టు 1185 నాటి టెంప్లర్లు అనే క్రైస్తవ యోధుల సంఘం లెక్కల్లోనే ఉంది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు వాకర్ అంటే ఆ తొట్టి, ఆ వాసన ఎవరికీ గుర్తురావు. ఆ పేరు చెప్పడానికి ఎవరూ తల దించుకోరు.

"మరి మీ ఇంటిపేరుకు అర్థమేంటి?" అని ఆయన అడిగారు. ఊరి పేరన్నాను. అబద్ధం కాదు. కానీ మా ఊళ్లో మమ్మల్ని పిలిచింది ఆ పేరుతో కాదు. మాది జనగామ పక్కన పల్లె. నాయిన చాకిరేవులో బట్టలు ఉతికేవాడు. బడిలో నన్ను పేరుతో కాకుండా కులంతో పిలిచిన గొంతులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. అదే మాటను తన పేరు ముందు నిలబెట్టుకుని దొరల మీద పోరాడిన చాకలి ఐలమ్మది మా వైపే, పాలకుర్తి. 2024లో కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టినప్పుడు నేను ఇక్కడ నైట్ డ్యూటీలో ఉన్నాను. బ్రేక్ రూంలో ఫోన్ చూస్తూ ఏడ్చాను.

మర్నాడు వాకర్ గారి మడమలకు పుండ్లు పడకుండా క్రీం రాస్తూ అసలు సంగతి చెప్పేశాను, మా నాయిన ఏం చేసేవాడో. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మిల్లు మనిషి కదా, వెంటనే, "నీళ్లలో ఏం కలిపేవారు?" అన్నారు.

చౌడు మట్టి అన్నాను. బానలో ఉడకబెట్టేవారని చెప్పాను. "ఎంత మట్టి? ఎంతసేపు?" నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేనూ నాయిన్ని అడగలేదు.

ఆ రాత్రి ఫోన్ చేశాను.

"నాయినా, ఒక బానకు ఎంత సౌడు ఏసేటోడివి?"

"గదెందుకు బిడ్డా ఇప్పుడు?"

"ఈడ ఒక పెద్దాయన అడుగుతుండు. ఆళ్ల తాతలు గూడ బట్టల పనే, కాళ్లతోని తొక్కేటోళ్లంట."

కాసేపు మాట లేదు. "అయ్యో, ఆళ్ల కాళ్లు గూడ పగిలేటియేమో" అన్నాడు. తర్వాత మొదలుపెట్టాడు: ఏ చెరువు కింది మట్టి మంచిది, ఎండాకాలం తెల్లగా పొంగిన పై పొరనే ఎందుకు గీకాలి, ఏ గుడ్డ ముందు వేయాలి, మంట ఎప్పుడు తగ్గించాలి. నేను డ్యూటీ పెన్ను తీసి రాసుకున్నాను.