టేపు తీసి కొలవండి

గదుల డిజైన్‌కి ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుందని జూనియర్లు అడిగితే, జేబులోంచి టేపు తీసి చూపిస్తాను. నచ్చిన గదిలోకి వెళ్తే ముందు కొలుస్తాను: కిటికీ కింది గోడ ఎత్తెంత, తలుపు వెడల్పెంత. హాయిగా ఎక్కగలిగే మెట్లలో రెండు మెట్ల ఎత్తుకు ఒక మెట్టు మీద పాదం మోపే చోటు (ముందు నుంచి వెనక్కి) కలిపితే దాదాపు 600 నుంచి 640 మిల్లీమీటర్లు వస్తుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి బ్లాండెల్ చెప్పిన లెక్క ఇది. మన మోకాళ్లు ఇప్పటికీ ఒప్పుకుంటున్నాయి!

నన్ను ఈ వృత్తిలోకి లాగింది మాత్రం వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్. ప్రాగ్‌లో 1930లో పూర్తయిన ఆయన ఇల్లు విల్లా ముల్లర్ సెక్షన్ డ్రాయింగ్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) చూసిన రాత్రి నిద్రపట్టలేదు. ఒక్కో గదికి దాని వాడకాన్ని బట్టి ఒక్కో ఎత్తు. హాలుకీ భోజనాల గదికీ మధ్య తలుపు లేదు, కొన్ని మెట్లే ఉన్నాయి. అయినా రెండూ వేర్వేరు గదులని ఇట్టే తెలిసిపోతుంది. గోడ కట్టకుండా గది చేయొచ్చని నాకు అక్కడే అర్థమైంది.

ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు పోర్ట్‌ఫోలియోలో మెరిసే రెండర్లు, అంటే కంప్యూటర్‌లో చేసిన గదుల బొమ్మలు, తగ్గించండి. ఒక్క అలమరా మూల ఎలా కలుస్తుందో అసలు సైజులో గీసి పెట్టండి. నన్ను ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది ఆ ఒక్క కాగితం గురించే. ఆ తర్వాత వడ్రంగి పక్కన నిలబడండి, ఆయన ఎక్కడ పెన్సిల్ గీత పెడతాడో చూడండి.