కుడి ఎడమల పంచాయితీ

"ఆగుండ్రి పిల్లలూ, నేను చెప్పింది తప్పు!" మామ అరిచేసరికి బజ్జీల బండి దగ్గర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

అంతకుముందే సాగర్ డ్యామ్ దిగువన బ్రిడ్జి మీద నిలబడి, డ్యామ్ వైపు చూస్తూ, తన ఎడమ చెయ్యి చాపి "అగో, ఎడమ కాలువ. మన నల్లగొండకు నీళ్లు అక్కడి నుంచే" అని పెద్ద క్లాసు పీకాడు. "అటు ఆంధ్ర కదా తాతా?" అన్న మనవరాలిని గదిమాడు కూడా. రిటైర్డ్ హెడ్మాస్టర్ మరి!

ఛాయ్ తాగుతూ ఏం తట్టిందో, నీళ్లు పారే దిక్కుకు తిరిగి నిలబడ్డాడు. నదికి కుడి ఎడమలు అట్లా చూసే చెప్తారు. అప్పుడు మన వైపు లాల్ బహదూర్ కాలువ ఎడమకొచ్చింది, అవతలి జవహర్ కాలువ కుడికి పోయింది.

మా ఇంట్లో పెద్దోళ్లకు తప్పు దొరికితే "నేనూ అదే అంటున్న" అని గొంతు పెంచడమే అలవాటు. ఈయన పిల్లలందరినీ పిలిచి, మనవరాలిని ముందు నిలబెట్టి, పాఠం ఆమెతోనే చెప్పించాడు. నాకైతే ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

అత్తమ్మకు మాత్రం మండింది. "ఇన్నేండ్లల్ల నాతోని ఒక్కసారన్న అన్నవా ఆ మాట?"

హాలియా దాటేదాకా కారులో అదే పంచాయితీ.